తాకట్టు పెట్టిన చేతికర్ర

రండి, ఆ పీట ఇటు లాక్కుని నా పక్కనే కూర్చోండి. నా గొంతు ఇప్పుడు వసారా దాటి పోదు, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. ఫ్యాను కొంచెం తగ్గించండి. మొన్న గవర్నర్‌పేటలో మా పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి మనుషులొచ్చారు. అటక మీద సామాను దించుతుంటే మా మనవరాలి చేతికి ఒక ఇనప వస్తువు తగిలింది. పైన ఒక కడియం, కింద గుత్తిగా వంకర తిరిగిన కొక్కేలు. వాళ్ళ తాత నేవీలో చేశాడని తెలుసు కాబట్టి, "నాయనమ్మా, ఇది ఓడ లంగరా?" అని అడిగింది. కాదమ్మా, పాతాళగరిగె అన్నాను. బావిలో చేద పడిపోతే దీన్ని చాంతాడుకి కట్టి అడుగుదాకా దింపి, మెల్లగా కెలికి, కొక్కేనికి చేద తగులుకున్నాక పైకి లాగేవాళ్ళమని చెప్పాను. ఆ పిల్ల పుట్టేనాటికే మా బావి మీద సిమెంటు పలక వేసేశారు, దానికేం తెలుస్తుంది. పాత ఇనుము కొనేవాడు అడిగితే ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీరకి తుప్పంటింది. ఓడకీ దీనికీ సంబంధం లేదని పిల్లతో అన్నాను గానీ, ఉంది. అదే చెబుతాను. నేను మిషను బడిలో నాలుగో తరగతితో ఆపేసినదాన్ని. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. అది మాటలు సరిదిద్దబోతే, నేనన్నట్టే రాయవే అని ఆపుతున్నాను.

మా ఆయన పేరు దేవదానం. ఇంట్లో దానం అనేవాళ్ళు. నేవీలో విమానాల మెకానిక్కుగా చేరి, తర్వాత హెలికాప్టర్ తలుపు దగ్గర కూర్చునే మనిషి అయ్యాడు. యుద్ధం అయిపోయి కొన్నేళ్ళయింది, ఉప్పెన ఇంకా రాలేదు, ఆ మధ్య కాలం సంగతి ఇది. స్క్వాడ్రన్ అనే మాట నా నోట పలకడానికి చాలాకాలం పట్టింది. మా అత్తగారు శాంతమ్మకైతే చివరిదాకా పలకలేదు, "వాడి జట్టు" అనే అనేది. ఆ జట్టులో ఉన్నవి చిన్న చిన్న హెలికాప్టర్లు. విమానాలు దిగే పెద్ద ఓడ ఒకటి ఉండేది. యుద్ధ విమానాలన్నీ దాని మీదనించే ఎగిరి దాని మీదే వాలేవి. వాటికి కాపలా మా ఆయన వాళ్ళ జట్టు. పొద్దున అన్నిటికన్నా ముందు హెలికాప్టర్ లేచి ఓడకి ఎడమపక్క కొంచెం వెనగ్గా గాలిలో నిలబడేది. ఆఖరి విమానం చక్రాలు ఓడ మీద ఆనేదాకా కిందికి దిగేది కాదు. ఏ విమానమైనా నీళ్ళలో పడితే అందులో మనిషిని తాడు దించి పైకి లాగాలి. తాడంటే నార తాడు కాదు, ఇనప తీగ. దాన్ని దించేదీ లాగేదీ మా ఆయన. నడుముకి పట్టీ కట్టుకుని, తెరిచిన తలుపులో కాళ్ళు బయటికి వేలాడేసి, సముద్రం వంక చూస్తూ కూర్చునేవాడు. నీ ఉద్యోగం ఏమిటని పెళ్ళైన కొత్తలో అడిగితే, "ఏమీ జరక్కుండా కూర్చోడమే" అన్నాడు. నిజంగానే ఎక్కువ రోజులు ఏమీ జరిగేది కాదు. అలా కూర్చుని కూర్చుని ఇంటికొచ్చినా గుమ్మంలోనే కూర్చునేవాడు, మొహం వీధికి పెట్టి. ఇంట్లో అందరూ వచ్చేదాకా అన్నానికి లేచేవాడు కాదు.

వానాకాలంలో ఓడని రేవులో పెట్టి మరమ్మతులు చేసేవాళ్ళు. అప్పుడు జట్టంతా కొచ్చిన్‌లో ఒడ్డున ఉండేది, నేను అక్కడ క్వార్టర్స్‌లో ఉండేదాన్ని. గోడలకి చెమ్మ, ట్రంకుపెట్టెలో చీరలకి బూజు, మా ఆయన బట్టలకి కిరసనాయిలు లాంటి వాసన. ఎంత ఉతికినా పోయేది కాదు. మా వరసలో పంజాబీలు, మలయాళీలు, బెంగాలీలు ఉండేవాళ్ళు. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది కాదు గానీ ఒక అలవాటు అందరికీ ఉండేది. వానలు తగ్గాక ఒక పొద్దున హెలికాప్టర్లు వరసగా లేచి ఓడ మీదికి వెళ్ళిపోయేవి. ఆడవాళ్ళందరం మేడెక్కి చూసేవాళ్ళం. చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఏ ఇంట్లోనూ చీపురు పట్టేది కాదు. ఎవరైనా ప్రయాణమై వెళ్ళగానే ఇల్లూడవకూడదని మనకి లేదూ, అది వాళ్ళందరికీ ఉంది. తర్వాత ఎవరి పుట్టింటికో అత్తింటికో వాళ్ళం రైలెక్కేవాళ్ళం. నేను బెజవాడ వచ్చేసేదాన్ని.

హెలికాప్టర్లకి ఇంకో పని కూడా ఉండేది. ఒడ్డునించి ఓడకి ఉత్తరాల సంచులు, కూరగాయలు, మిషన్లకి కావలసిన సామాను మోయడం. సెలవుల్లో వచ్చినప్పుడు మా ఆయన ఆ ముచ్చట్లు చెబుతుంటే మా అత్తగారు వక్క నములుతూ వినేది. ఓడ మీద మంచినీళ్ళకి కరువట. మనుషులకి స్నానానికి కొలిచి ఇచ్చేవాళ్ళట. హెలికాప్టర్‌కి మాత్రం ఉప్పు పట్టకుండా ప్రతి సాయంత్రం మంచినీళ్ళతో ఒళ్ళంతా కడగాలట. "మనిషికి లేని నీళ్ళు మిషన్‌కా, బాగుందిరా మీ కాపురం" అని అత్తగారు నవ్వేది.

ఆ ఏడాది చలికాలంలో మా అత్తగారు పెట్టిన ఆవకాయ జాడీ ఒకటి కొచ్చిన్ వెళ్ళే తెలిసినవాళ్ళ చేత పంపించాను. అక్కడ దాన్ని కూరగాయల బుట్టలో పెట్టాల్సిన వాడు ఉత్తరాల సంచిలో పెట్టాడు. హెలికాప్టర్ ఓడ మీద దిగాక సంచిని కింద పడేశారు, జాడీ పగిలింది. నూనె అంతా ఉత్తరాలకి పట్టింది. ఎవరి పెళ్ళాం ఎవరికి రాసిందో చదవాలంటే ముందు వేలితో కారం తుడుచుకోవాల్సి వచ్చిందట. జట్టు పెద్ద అందరినీ నిలబెట్టి జాడీ ఎవరిదని అడిగాడు. మా ఆయన అడుగు ముందుకి వెయ్యబోతుంటే పక్కనించి ఒక ఆఫీసరు, "అది మా అమ్మ పంపింది" అన్నాడట. ఆఫీసరు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే మురళి గారు. యుద్ధ విమానం నడిపేవాడు. కూచిపూడి దాటాక లోపలికి ఉన్న ఒక పల్లెటూళ్ళో రైతు కుటుంబం. ఓడంతా వెతికినా తెలుగులో తిట్టుకోడానికి మనుషులు లేరని మా ఆయనతో మాట్లాడ్డానికే కిందికొచ్చేవాడట. ఆ రోజు హ్యాంగర్‌లో మా ఆయన భుజం మీద చెయ్యేసి, "ఏరా దానం, నీ వల్ల నేను అబద్ధాలకోరునయ్యాను. ఈ వేసవికి మా అమ్మ చేత నీకో జాడీ పెట్టిస్తా, అప్పుడు లెక్క సరిపోద్ది" అన్నాడట.

వేసవి మొదట్లో మురళి గారు సెలవు మీద ఊరొచ్చి వెళ్ళాడు. వానలు పడేముందు ఆఖరి విడత ఓడ బయల్దేరింది. ఆ విడతలోనే ఆయన విమానం నీళ్ళలో పడింది.

ఈ సంగతి మా ఆయన చెప్పలేదు. ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టడానికి వచ్చిన నాయర్ అనే అతను, అదే జట్టువాడు, వసారాలో కూర్చుని హిందీ కలిపిన తెలుగులో మా అత్తగారికీ నాకూ చెప్పాడు. విమానం లేచినట్టే లేచి నీళ్ళకేసి వాలింది. మురళి గారు కుర్చీతో సహా ఎగిరి బయటపడి, పారాచూట్‌తో సముద్రంలో దిగాడు. మా ఆయన తీగ దించాడు. మురళి గారు దాని చివర పట్టీలో చెయ్యి దూర్చాడు. ఈలోగా పారాచూట్ గుడ్డ నీళ్ళు నింపుకుని మునగడం మొదలుపెట్టింది. దాని తాళ్ళు తీగకి చుట్టుకున్నాయి. హెలికాప్టర్ ఒక పక్కకి ఒరిగిపోయింది. ముందు కూర్చున్న పైలట్ కొయ్యమని అరిచాడు. తలుపు పక్కన ఒక మీట ఉంటుందట, నొక్కితే తీగ తెగుతుంది. మా ఆయన నొక్కాడు. తర్వాత ఎంత వెతికినా మురళి గారు దొరకలేదు. నొక్కకపోతే హెలికాప్టర్‌తో పాటు అందరూ పోయేవాళ్ళని విచారణ చేసినవాళ్ళు తేల్చారు. మా ఆయన తప్పేమీ లేదని రాసిచ్చి సెలవు మీద పంపించారు. ఇదంతా నాయర్ చెబుతుంటే మా ఆయన గుమ్మంలో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు, వీధి వంక చూస్తూ. తనది కాని సంగతి ఏదో వింటున్నట్టు. నాయర్ వెళ్ళేటప్పుడు చెయ్యి కలిపితే, ఆయన కుడిచెయ్యి అతని చేతిలో పెట్టాడు గానీ పట్టుకోలేదు.

ఆ చెయ్యి మొద్దుబారిపోయింది. వేడి అన్నం ముద్ద కలుపుతుంటే చురుక్కుమనేది కాదు. బొత్తాలు ఎడమచేత్తో పెట్టుకునేవాడు. నేవీ డాక్టర్లు చూసి నరాల్లో ఏమీ లేదన్నారట. అత్తగారు నువ్వులనూనె కాచి రోజూ రాసేది. ప్రార్థన చేసేది. ఆయన వద్దనేవాడు కాదు, కావాలనేవాడు కాదు. నేనూ అలాగే అయిపోయాను. వండేదాన్ని, ఉతికేదాన్ని. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. మా వెనక లాడ్జిలో బసచేసే వ్యాపారస్తులు పొద్దున్నే గట్టిగా పుక్కిలించే చప్పుడు, హోల్‌సేల్ కొట్ల ముందు బస్తాలు దించే చప్పుడు, అన్నీ ఎప్పటిలాగే వినపడేవి. గుడ్డలోంచి వినపడుతున్నట్టుండేది.

ఇక పాతాళగరిగె సంగతి. మా సందులో అది మా ఒక్క ఇంట్లోనే ఉండేది. సందులో అందరికీ బావులే. ఎవరి చేద పడినా మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఊరికే ఇచ్చేది కాదు మా అత్తగారు. చెంబో, గ్లాసో, ఏదో ఒక వస్తువు మా గుమ్మం పక్కన పెట్టి తీసుకెళ్ళాలి. మా సందులోనే కాదు, అంతటా అదే పద్ధతి. ఎందుకంటే చేద పైకొచ్చిన సంతోషంలో దాన్ని ఏ మూలో పడేసి మర్చిపోతారు. తిరిగి తెచ్చాకే తాకట్టు వస్తువు ఇచ్చేది. దీపాలవేళ దాటి ఎవరి వస్తువూ మా ఇంట్లో ఉంచేది కాదు, తనే వెళ్ళి అడిగి మార్పిడి చేసుకొచ్చేది. మా ఇంట్లో మట్టుకు ఆవిడకి ఇంకో పట్టుదల ఉండేది. చేద ఎవరి చేతిలోంచి జారిందో వాళ్ళే తియ్యాలి. నేను కొత్తకోడలిగా వచ్చిన వారంలో చేద వదిలేస్తే, మధ్యాహ్నం ఎండలో బావిగట్టు మీద వంగి కెలుకుతూనే ఉన్నాను, అన్నానికి పిలవలేదు.

వానలు మొదలై కాలవలకి నీళ్ళు వదిలిన రోజుల్లో ఒక పెద్దాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తెల్లటి పంచె, చేతిలో కర్ర, ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. మురళి గారి తండ్రి వెంకట్రామయ్య గారు. మా ఇంట్లో మంచినీళ్ళు తాగుతాడో లేదోనని మా అత్తగారు వీధి చివర కొట్టునించి సోడా తెప్పించింది. ఆయన సోడా పక్కన పెట్టి, "సోడా ఎందుకమ్మా, నీళ్ళియ్యి" అన్నాడు. తాగి చెంబు కింద పెట్టి, గుమ్మంలో కూర్చున్న మా ఆయన్ని చూశాడు.

ఆయన చెప్పింది ఇదీ. ప్రభుత్వంవాళ్ళు పంపిన టెలిగ్రాములో గాలించగా కనపడలేదు అని ఉంది. దాన్ని చదివించుకున్న దగ్గర్నించి ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు కొడుకు బతికే ఉన్నాడంటోంది. ఈత వచ్చు, ఏ ఒడ్డుకో చేరి ఉంటాడంటోంది. కర్మ చెయ్యనివ్వడం లేదు. ఎవరైనా పరామర్శకి వస్తే, పరామర్శ దేనికని తలుపు దగ్గరే ఆపేస్తోంది. పొద్దున బస్సూ సాయంత్రం బస్సూ వచ్చే వేళకి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడుతోంది. "నాకు తెలుసయ్యా, వాడు లేడు. నేను చెబితే వినదు, కళ్ళతో చూశావా అంటది. చూసినవాడివి నువ్వు ఒక్కడివేనంట మన జిల్లాలో. ఒక్కసారి వచ్చి చెప్పిపో నాయనా" అన్నాడు.

పెద్దాయన ఆగి ఆగి మళ్ళీ అడిగాడు, కూచిపూడి దాకా బస్సుందని, అక్కడికి బండి పంపిస్తానని. మా ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. మా అత్తగారు "ఒరే దానం" అని పిలిస్తే కూడా పలకలేదు. నాయర్ చెప్పింది మాకు తెలుసు, పెద్దాయనకి తెలియదు. తీగ ఎవరు కోశారో ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

అప్పుడే ఎదురింటి రమణమ్మ చేద పడిపోయిందంటూ వచ్చింది. ఇత్తడి చెంబు గుమ్మం పక్కన పెట్టింది. అత్తగారు మేకుకి తగిలించిన పాతాళగరిగె తీసి ఇచ్చింది. పెద్దాయన ఆ చెంబు వంకే చూస్తూ, అదేమిటమ్మా అన్నాడు. తాకట్టండి, వస్తువు తెచ్చిచ్చాక పట్టుకెళ్తదని అత్తగారు చెప్పింది. ఆయన కాసేపు కూర్చుని, గోడ పట్టుకుని లేచాడు. చేతికర్ర ఆ ఇత్తడి చెంబు పక్కన గోడకి ఆనించి పెట్టాడు.

"అమ్మా, మీ అబ్బాయిని ఒక్క పూట నాకియ్యి. ఇది ఉంచుకో."

అత్తగారు వద్దు బాబుగారూ అంటూ కర్ర తీసుకుని వెంటపడింది. ఆయన చెయ్యి ఊపి, కాలీడ్చుకుంటూ, లాడ్జి గోడ పట్టుకుని, దుకాణం అరుగులు పట్టుకుని సందు దాటిపోయాడు. మా ఆయన చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రానికి రమణమ్మ చెంబు వెళ్ళిపోయింది. కర్ర ఉండిపోయింది. మా అత్తగారు కాపురానికి వచ్చాక మా ఇంట్లో దీపాలవేళ దాటి ఉన్న తాకట్టు అదొక్కటే. ఆవిడ కొడుకుని ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున ఇల్లు తుడిచేటప్పుడు కర్రని తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది. దాని పిడి చేతి చెమటకి నున్నగా అరిగి ఉండేది. మా ఆయన దాని పక్కనే కూర్చునేవాడు. బందరు వైపు వెళ్ళే బస్సు హారన్ వినపడినప్పుడల్లా తల ఎత్తేవాడు. అది ఎన్నాళ్ళో లెక్క పెట్టలేదు. సెలవు అయిపోవస్తోందని మాత్రం తెలుసు. అలా వెళ్ళిపోతే ఆయన మళ్ళీ ఆ తలుపులో ఎలా కూర్చుంటాడు, ఆ తల్లి ఎన్ని బస్సులకి ఎదురు వెళ్తుంది అని నాకు అనిపించేది. అనిపించడమే, బయటికి అనేదాన్ని కాదు.

ఒకనాడు పొద్దున నాకు ఒంట్లో బాగాలేకపోతే ఆయన నీళ్ళు తోడ్డానికి బావి దగ్గరికి వెళ్ళాడు. గిలక కిర్రుమంటూ తిరిగింది. సగం దాకా వచ్చాక తాడు ఆయన చేతిలోంచి జారింది. తాడుతో సహా చేద వెళ్ళి నీళ్ళలో పడిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. నేను లేచి వచ్చేసరికి ఆయన బావిలోకి వంగి చూస్తున్నాడు. అత్తగారు పాతాళగరిగె, ఇంకో తాడు తీసుకుని వచ్చింది. కొడుకు చేతికి ఇస్తుందనుకున్నాను. ఆయన కూడా చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు.

"నువ్వు పక్కకి జరుగు నాన్నా. నేను తీస్తా" అంది.

ఆవిడ అలా అనడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. కొంగు బిగించి గట్టు మీద వంగి తాడు దించింది. ఒకసారి తగులుకుని జారిపోయింది. మళ్ళీ దించింది. ఆయాసం వచ్చి నిలబడి, మళ్ళీ దించింది. ముసలి చేతులు, ఎముకలు తేలి ఉన్నాయి. మా ఆయన గోడకి ఆనుకుని ఆ చేతులనే చూస్తున్నాడు. చేద పైకొచ్చింది. ఆవిడ దాన్ని గట్టు మీద పెట్టి, కొక్కేలకి పట్టిన నాచు తీసి, మేకుకి తగిలించడానికి లోపలికి వెళ్తుంటే, మా ఆయన మాట్లాడాడు.

"అమ్మా, రేపు పొద్దున కూచిపూడికి మొదటి బస్సు ఎన్నింటికి?"

నన్ను కూడా వెళ్ళమంది అత్తగారు. కర్ర మా ఆయన చేతికిచ్చి, ఒకటే చెప్పింది, పొద్దుగూకే లోపల అది వాళ్ళింటికి చేరాలని. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. కాలవ నిండుగా ఎర్రనీళ్ళతో రోడ్డు వెంబడే వస్తోంది. నారుమళ్ళు పచ్చగా మొలిచాయి. బస్సు కూచిపూడిలో దించాక బండి కోసం కబురు చెయ్యలేదు, నడిచే వెళ్ళాం. ఊరి మొదట్లోనే రోడ్డు పక్కన ఒకావిడ నిలబడి ఉంది. బస్సు దిగి వచ్చేవాళ్ళ కోసం చూస్తోంది. చెప్పకుండానే తెలిసింది ఎవరో. ఆవిడ మా వంక కాదు, మా ఆయన చేతిలో కర్ర వంక చూసింది. "అది మా ఇంట్లోదే" అంది.

మా పేటవాళ్ళం ఆ రోజుల్లో అలాంటి ఇంటికి వెళ్తే వాకిట్లోనే నిలబడేవాళ్ళం. అలాగే నిలబడ్డాం. పెద్దాయన అరుగు మీదనించి లేచి కర్ర అందుకున్నాడు. మా ఆయన చెప్పాడు. నాయర్ చెప్పినంత పొడుగ్గా చెప్పలేదు.

"సారు నా తీగకే ఉన్నారమ్మా. పారాచూట్ లాగేసింది. తీగ నేనే కోశాను. నేను చూస్తుండగానే మునిగిపోయారు. మళ్ళీ పైకి రాలేదు."

అన్నపూర్ణమ్మ గారు కదల్లేదు. పెరట్లో గేదె మెడలో గంట చప్పుడవుతోంది. పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆవిడ అడిగింది, వాడు నిన్ను చూశాడా అని. చూశారమ్మా అన్నాడు. ఏమన్నా అన్నాడా అంది.

"ఆ చప్పుడులో వినపడదమ్మా. చెయ్యి ఊపారు. రమ్మని ఊపారో, పొమ్మని ఊపారో నాకు తెలీలేదు. అప్పటికే నొక్కేశాను."

ఇన్నాళ్ళూ ఆయన్ని పట్టుకున్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నాయర్‌కి కూడా తెలియదది. విచారణలో కూడా చెప్పి ఉండడు.

"ఎలా ఊపాడో చూపించు" అంది ఆవిడ.

మా ఆయన ఎడమచెయ్యి ఎత్తబోయి, దించేసి, ఆ మొద్దుబారిన కుడిచెయ్యి ఎత్తాడు. తల పక్కగా, అరచెయ్యి బయటికి, రెండుసార్లు విసిరినట్టు. ఆవిడ దగ్గరికొచ్చి చూసింది. ఇంకోసారి చూపించమంది. చూపించాడు.

"కాలవలో దిగితే వచ్చేవాడు కాదు. అన్నం చల్లారిపోతందిరా అని గట్టు మీద నిలబడి నేను పిలుస్తా ఉంటే అట్టాగే ఊపేవాడు. నువ్వు పోమ్మా, నేనొస్తాలే అని. పొమ్మనే, నాయనా. వాడు పొమ్మనే ఊపాడు."

అని మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. పెద్దాయన ఏడ్చాడు, కర్రకి నుదురు ఆనించి. నిజంగా చిన్నప్పుడు అలాగే ఊపేవాడో, మా ఆయన మొహం చూసి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన ఎప్పుడూ అడగలేదు.

కాసేపయ్యాక ఆవిడ లేచి, లోపలికి రండమ్మా అని నన్ను పిలిచి, వంటింటి గూట్లోంచి వాసెన కట్టిన జాడీ ఒకటి తెచ్చింది. గుడ్డ మీద నూనె మరక తేలింది. దానం అనే అతనికి బాకీ ఉన్నానని కొడుకు వేసవిలో దగ్గరుండి ముక్కలు కొట్టి పెట్టించాడట. తిరిగి వెళ్ళేటప్పటికి ఊరలేదని వదిలి వెళ్ళాడట, వచ్చాక పట్టుకెళ్తానని. ఆవిడ ఇన్నాళ్ళూ మూత తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. "నువ్వేగా ఆ దానానివి. పట్టుకెళ్ళు. ఇంక ఇది ఇక్కడ ఎందుకు" అంది. మా ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. అది చెయ్యి జారలేదు.

సాయంత్రం బస్సు దాకా పెద్దాయన మా వెంట వచ్చాడు, కర్ర ఊతంగా. అన్నపూర్ణమ్మ గారు రాలేదు. బస్సెక్కేటప్పుడు ఆయన మా ఆయనతో, "మీ అమ్మగారితో చెప్పు, పొద్దుగూకకుండానే తిరిగిచ్చేశానని" అన్నాడు.

తర్వాత కృష్ణ ఒడ్డున కర్మ చేశారు. కబురు చేస్తే మా ఆయన వెళ్ళి దూరంగా రావిచెట్టు దగ్గర నిలబడి వచ్చాడు. సెలవు అయిపోగానే మళ్ళీ జట్టులో చేరాడు. వానలు తగ్గాయి, హెలికాప్టర్లు లేచాయి, మేం మేడెక్కి చూశాం, చప్పుడు పోయేదాకా చీపురు పట్టలేదు. ఆయన ఇంకా కొన్నేళ్ళు ఆ తలుపులో కూర్చున్నాడు. చేతికి స్పర్శ కొంచెం కొంచెంగా వచ్చింది, చివరి రెండు వేళ్ళకి మాత్రం రాలేదు. చనిపోయేముందు ఆసుపత్రిలో ఆ వేళ్ళు నేను పట్టుకున్నానని ఆయనకి తెలిసిందో లేదో.

ఇప్పుడు గన్నవరం వైపు నించి హెలికాప్టర్లు మా ఇంటి మీదుగానే పోతున్నాయి. పెద్దవాళ్ళెవరో సభలకి వెళ్తుంటారు. ఎవరూ తలెత్తి చూడరు. నేను చూస్తాను. తలుపు మూసే ఉంటుంది, దాంట్లో కాళ్ళు వేలాడేసుకుని ఎవరూ ఉండరు. బావులు పోయాయి, బోర్లు వచ్చాయి, మీట నొక్కితే నీళ్ళు మేడ మీదికి ఎక్కుతున్నాయి. సుఖంగానే ఉంది, నేను కాదనను. పొరుగింటికి వెళ్ళి ఏదైనా అడగాల్సిన పని లేదు, కాబట్టి ఎవరి వస్తువూ ఎవరి గుమ్మంలోనూ లేదు. మా మనవరాలు పాతాళగరిగెని కడిగి నూనె రాసి, కొత్త ఇంట్లో గోడకి తగిలిస్తానంటోంది. తగిలించుకోనీ.

ఇంతసేపు కదలకుండా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లోంచి నీళ్ళ మీదికి వెళ్ళినవాళ్ళూ రోడ్డు మీదికి వెళ్ళినవాళ్ళూ దీపాలవేళకి మీ గుమ్మంలో చెప్పులు విడవాలి. మీ చేతిలోంచి ఏదైనా జారితే, నువ్వు పక్కకి జరుగు, నేను తీస్తానని అనే మనిషి మీ పక్కన ఉండాలి. మీ తలుపు పక్కన ఎవరి చేతికర్రా పొద్దు దాటి ఉండిపోకూడదు.